‘మహిమ దేవునికే’ అన్న తర్వాత

తమ్ముడూ, మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందు చెబుతాను. మీకు గచ్చిబౌలిలో ఉద్యోగం, సికింద్రాబాద్‌లో సంఘం. ఆదివారం ఆరాధనలో పాటలు నడిపిస్తారు. దీనమనస్సు ఇమ్మని చాలాకాలంగా ప్రార్థిస్తున్నారు. ఆరాధన ముగిశాక ఎవరైనా మెచ్చుకుంటే ‘మహిమ దేవునికే’ అంటారు. మెట్రో ఎక్కగానే ఫోను తీసి, సంఘం పెట్టిన వీడియో కింద ఎవరెవరు ఏమి రాశారో చూసుకుంటారు. ‘ఇది వేషధారణ కాదా? దేవుని ముందు నిజమైన వినయం ఎలా అలవడుతుంది?’ అని అడిగారు. సంఘ పెద్దగా, సండే స్కూలు టీచరుగా చాలా ఏళ్లు ఇవే మాటలు విన్నవాడిని కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మెప్పు వింటే సంతోషం కలగడం వేషధారణ కాదు. వారమంతా సాధన చేసి పాడినవాడికి ‘బాగా పాడారు’ అంటే బాగానే ఉంటుంది. అపొస్తలుడు పౌలు రోమా సంఘానికి ఉత్తరంగా రాసిన పత్రిక చివరి అధ్యాయం నిండా పేరుపేరునా మనుషులను మెచ్చుకున్నాడు. మెప్పే పాపమైతే ఫీబేను, ప్రిస్కిల్లను, అకులను ఆయన చేజేతులా శోధనలోకి తోసినట్టే. అందుచేత ఆ మొదటి పులకింతతో కుస్తీ పట్టకండి. అణచాలని చూసేకొద్దీ మనసు దాని చుట్టూనే తిరుగుతుంది. నిద్ర పట్టిందా లేదా అని గమనిస్తూ పడుకున్నవాడికి తెల్లవార్లూ నిద్ర రాదు. నాలో వినయం పెరిగిందా అని రోజూ చూసుకునేవాడి సంగతీ అంతే. పైగా ‘పెరిగింది’ అని తేలిన రోజు మరీ ప్రమాదం.

లూకా సువార్త 18వ అధ్యాయంలో ప్రార్థన చేయడానికి దేవాలయానికి వెళ్లిన ఇద్దరి కథ, ధర్మశాస్త్రం పట్టుదలగా పాటించే పరిసయ్యుడు, పన్నులు వసూలు చేసే సుంకరి, మీకు కంఠతా వచ్చే ఉంటుంది. దాన్ని మనం ఎంత పైపైన చదువుతామంటే, ‘ప్రభువా, నేను ఆ పరిసయ్యుడి లాంటివాడిని కానందుకు స్తోత్రం’ అనుకుంటూ లేస్తాం. అతని ప్రార్థనను ఒకసారి నెమ్మదిగా చూడండి. అందులో అబద్ధం ఉందని యేసు అనలేదు. వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదన అంతటిలో పదోవంతు కానుక. మన సంఘాల్లో అలాంటివాడు దొరికితే మరుసటి వారమే కమిటీలో వేసుకుంటాం. అదంతా తన ఘనతేనని కూడా అతను అనలేదు. ‘దేవా, నీకు కృతజ్ఞతాస్తుతులు’ అనే మొదలుపెట్టాడు. అంటే మీరు చెప్పే ‘మహిమ దేవునికే’ అతనూ చెప్పాడు.

మరి లోటు ఎక్కడ? ఆ ప్రార్థనలో అడిగింది ఏమీ లేదు. మొదటి నుంచి చివరి దాకా వెతికినా ఒక్క విన్నపం కనబడదు. దేవుని దగ్గరికి వచ్చాడు, లెక్క ఒప్పజెప్పాడు, వెళ్లిపోయాడు. సుంకరి ప్రార్థనలోనేమో అడగడం తప్ప మరేమీ లేదు. ‘దేవా, పాపినైన నన్ను కరుణించుము’ అన్నాడు, అంతే.

దేవుని ముందు వినయం అంటే నా మటుకు నాకు ఇదే: ఆయన ఎదుట ఎప్పుడూ అడిగేవాడిగా, పుచ్చుకునేవాడిగా ఉండటం. తనను తాను తిట్టుకోవడంతో దానికి పని లేదు. నీకు ఉన్నవాటిలో ఇంకొకరి వలన పొందనిది ఏముంది అని పౌలు కొరింథీయులను నిలదీశాడు (1 కొరింథీ 4:7). మీ విషయంలోనే చూడండి. గొంతు మీరు తయారు చేసుకున్నది కాదు. ఆరాధనలో మీరు పాడే కీర్తనల్లో కొన్ని పురుషోత్తమ చౌదరి 19వ శతాబ్దంలో రాసినవి. వాటిని మీకు నేర్పింది ఏ అమ్మమ్మో, సండే స్కూలు టీచరో అయి ఉంటుంది. క్రిస్మస్‌కు మన ఊరి నుంచి బస్సులు నిండి వెళ్లే మెదక్ చర్చినే తీసుకోండి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ గుడి పేరెత్తితే అందరూ దాన్ని కట్టించిన మిషనరీ పోస్నెట్ దొరను తలుచుకుంటారు, న్యాయమే. కానీ కరువు రోజుల్లో ఆ పనికి వచ్చి, కూలిగా దొరికిన తిండితో ఇల్లు గడుపుకున్న వాళ్ల చేతులు కూడా దాని గోడల్లో ఉన్నాయి. ఎవరి ఆకలి మీదో లేచిన గుడిలో మోకరించి ‘నా విశ్వాసం, నా సేవ’ అనడానికి నోరు ఎలా వస్తుంది?

పుచ్చుకోవడం తేలికనుకుంటాం గానీ అదే కష్టం. యోహాను 13వ అధ్యాయంలో యేసు తన శిష్యుల పాదాలు కడగబోతే వారిలో పేతురు వద్దన్నాడు. పైకి ఎంత వినయం! ఆయనంతటివాడు నా పాదాలు కడగడం ఏమిటి అన్న భావం. కానీ యేసు దాన్ని వినయంగా లెక్కపెట్టలేదు. ‘నేను నిన్ను కడుగనియెడల నాతో నీకు పాలు లేదు’ అన్నాడు. చేయించుకోవడానికి ఒప్పుకోని మర్యాద కూడా అహంకారానికి చుట్టమే. మనలో చాలామందికి ఇతరుల పాదాలు కడగడం ఇష్టమే. మట్టలాదివారం తర్వాత గురువారం ఆరాధనలో దాన్ని ఫొటో తీసి పెడతాం కూడా. మన పాదాలు ఇంకొకరి చేతిలో పెట్టడమే ఇబ్బంది.

ఇది అలవాటుగా ఎలా మారుతుందో చెబుతాను. మీరు దేవుణ్ణి ఏమేమి అడుగుతున్నారో ఒక వారం పాటు గమనించండి. జబ్బు చేసి నిమ్స్‌లోనో గాంధీలోనో చేర్చినప్పుడు అందరం అడుగుతాం. ఉద్యోగం ఊగిసలాడుతున్నప్పుడు అడుగుతాం. మనకు చేతనైన పనికి మాత్రం అడగం. బాగా వంట చేసే ఆవిడ వంట కోసం ప్రార్థించదు, బాగా ప్రసంగించే పాస్టరు గారు కొన్నాళ్లకు ప్రసంగం కోసం ప్రార్థించడం మానేస్తారు, మీరు నోటికి వచ్చిన పాటకు దేవుని సాయం అడగరు. గర్వం మన బలహీనతల్లో కాపురం ఉండదు. మనకు బాగా వచ్చిన పనిలో, ప్రార్థన అవసరం తీరిపోయిన చోట ఉంటుంది. ఉజ్జియా రాజు కథ చదవండి, 2 దినవృత్తాంతములు 26వ అధ్యాయం. 16 ఏళ్ల వయసులో రాజయ్యాడు, 52 ఏళ్లు ఏలాడు. బావులు తవ్వించాడు, బురుజులు కట్టించాడు, వాటి మీద యంత్రాలు పెట్టించాడు. దేవుణ్ణి ఆశ్రయించినంత కాలం వర్ధిల్లాడని అక్కడే రాసి ఉంది. పడింది ఓటమిలో కాదు, స్థిరపడ్డాక. కాబట్టి మీకు బాగా వచ్చిన పాటకే ముందు ప్రార్థన చేయండి. మైకు ముందుకు వెళ్లి అందరికీ వినబడేలా చేసే ప్రార్థన గురించి కాదు నేను అనేది. ఇంట్లో, శనివారం రాత్రి, ఒక్కరే.

మా సంఘంలో ఒక పెద్దావిడ ఉన్నారు. ప్రధానోపాధ్యాయురాలిగా రిటైరయ్యారు. ఒకప్పుడు ఆవిడ వరండాలో నడిచి వస్తుంటే తరగతి గదులు నిశ్శబ్దమయ్యేవని ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు చెబుతారు. ఆదివారం పిల్లల క్లాసు అయిపోగానే బయట బెంచీ మీద కూర్చుని, అటుగా వచ్చిన పిల్లల్లో ఎవరినో ఒకరిని పిలుస్తారు. ‘నాన్నా, ఈ మోకాలు వారం నుంచి పీకుతోంది, ప్రార్థన చెయ్యి’ అని చీర కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, తల వంచుతారు. వాడు నాలుగో తరగతి పిల్లవాడు. ఒక చేతిలో బిస్కెట్ ఉంటుంది, రెండో చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక ఆవిడ భుజం మీద పెడతాడు. రెండు ముక్కలు అంటాడు, మధ్యలో మరిచిపోతాడు. ఆవిడ కదలరు. వాడు ‘ఆమేన్’ అన్నాక ఆవిడా ‘ఆమేన్’ అని, ‘వచ్చే వారం కూడా చెయ్యాలి’ అంటారు. పిల్లల్ని సంతోషపెట్టడానికి చేస్తున్నారని మొదట్లో అనుకున్నాను. కాదు, ఆవిడకు నిజంగానే ఆ ప్రార్థన కావాలి. వినయం గురించి ఆవిడ ఎన్నడూ ప్రసంగించగా వినలేదు.

పాపపు ఒప్పుకోలు సంగతి. ‘మేము ఘోర పాపులం ప్రభువా’ అని గొంతెత్తి అనడం ఎవరికీ భారం కాదు. అందరితో కలిసి అంటున్నాం కాబట్టి సిగ్గు కూడా ఉండదు. ‘నిన్న సాయంత్రం కొత్తగా చేరిన అబ్బాయి నాకంటే పైస్వరం అందుకుంటే నాకు కడుపు మండింది’ అని ఒక్క వాక్యం దేవుడితో అనండి, గొంతు దానంతట అదే తగ్గుతుంది. ఆ వాక్యంతో ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లండి. మన సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), మెథడిస్టు సంఘాల్లో బల్ల ముందు మోకరించి చేతులు చాపే పద్ధతి ఉంది కదా. ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి పెట్టి, ఖాళీగా. పక్కన ఎవరు మోకరిస్తారో మీరు ఎంచుకోలేరు. మీ అపార్టుమెంటు వాచ్‌మన్ కావచ్చు, మీ కంపెనీ వైస్ ప్రెసిడెంటు కావచ్చు. రొట్టెముక్క అందరికీ ఒకే పరిమాణం. అక్కడ ఎవరి అర్హతనూ అడగరు, అడిగితే ఎవరూ మిగలరు. వారంలో మిగతా గంటలన్నీ ఆ చేతులతోనే ఉండటం నేర్చుకోవాలి.

మన ఊళ్లోనే ఈ పాఠానికి పెద్ద ఉదాహరణ ఉంది. ముషీరాబాద్ గోల్కొండ చౌరస్తా దగ్గర సువార్తికుడు భక్త్‌సింగ్ గారి సంఘ కేంద్రం హెబ్రోను మీకు తెలిసే ఉంటుంది. భక్త్‌సింగ్ గారు పంజాబ్ సిక్కు కుటుంబంలో పుట్టి, విదేశాల్లో ఇంజనీరింగ్ చదివి, 1929లో కెనడాలో ఉండగా క్రీస్తును నమ్ముకున్నారు. 1933లో బొంబాయిలో దిగినప్పుడు, నీ విశ్వాసం బయట చెప్పకుండా ఉంటే ఇంటికి రమ్మన్నారు తల్లిదండ్రులు. ఒప్పుకోలేదు, వీధిన పడ్డారు. తర్వాత దేశమంతటా సంఘాలు లేచినా ఆయన అలవాటు మారలేదు: ఏ పనికైనా ముందు మోకాళ్ల మీద అడగడం, జవాబు దొరికేదాకా కదలకపోవడం. ఆ సంఘాల్లో నేల మీద చాపలు పరుచుకుని కూర్చుంటారు, ఆరాధన అయ్యాక కలిసి భోజనం చేస్తారు. నేల మీద కూర్చున్నంత మాత్రాన గర్వం పోతుందని నేను అనను. చాప మీద కూడా ముందు వరుస ఉంటుంది. కానీ కుర్చీలు, సోఫాలు, శాలువాలు, చౌరస్తాలో పాస్టరు గారి నిలువెత్తు ఫ్లెక్సీలు చూసి చూసి అలసిన కళ్లకు ఆ చాప మంచిదే. ఉపవాస ప్రార్థనలకు కూడా ఫ్లెక్సీ వేసే రోజులు వచ్చాయి. ఉపవాసం మనుషులకు కనబడేలా చేయవద్దనే మత్తయి 6వ అధ్యాయాన్ని దాని పక్కన పెట్టి చదివే ఓపిక ఎవరికీ లేనట్టుంది.

దేవుని ముందు తల వంచామో లేదో మనిషి ముందే బయటపడుతుంది, ముఖ్యంగా ఎవరైనా తప్పు చూపినప్పుడు. ఉజ్జియాకు కుష్ఠు పొడచూపింది యాజకులే వేయవలసిన ధూపం తాను వేయబోయాడని మాత్రమే కాదు. యాజకులు వద్దని చెప్పినప్పుడు ధూపార్తి చేతిలో పట్టుకుని వాళ్ల మీద మండిపడుతుండగా పొడచూపింది. నాతాను ప్రవక్త వచ్చి ‘ఆ మనుష్యుడవు నీవే’ అన్నప్పుడు దావీదు ‘నేను పాపము చేసితిని’ అన్నాడు. ఇద్దరూ రాజులే, ఇద్దరూ తప్పు చేసినవారే. మన హైదరాబాదులో ఇంకో సౌకర్యం ఉంది. ఆఫీసులో మేనేజరు రివ్యూలో పదిమంది ముందు లోపాలు చదివినా ‘తప్పకుండా సరిచేసుకుంటాను సార్’ అంటాం, జీతం ఆయన చేతిలో ఉంది. సంఘంలో ఎవరైనా ‘శ్రుతి తప్పింది బాబూ’ అంటే వచ్చే ఆదివారానికి వేరే సంఘంలో ఉంటాం, వీధికొకటి ఉంది కాబట్టి.

దిద్దేవారు మనకంటే కింద ఉన్నవారైతే ఇంకా కష్టం. కుష్ఠు ఉన్న సిరియా సైన్యాధిపతి నయమానుకు బాగుపడే దారి చూపింది బందీగా వచ్చిన చిన్న పిల్ల. ఎలీషా ప్రవక్త గుమ్మం దగ్గర అతను కోపంతో వెనక్కి తిరిగితే బుజ్జగించి యొర్దానులో దింపింది అతని సేవకులు. వాళ్ల మాట వినకపోతే కుష్ఠుతోనే ఇంటికి వెళ్లేవాడు. మీ ఇంట్లో పనిచేసే మనిషి, మీ కారు నడిపే డ్రైవరు మీకు ఒక తప్పు చెప్పగలరా? చెప్పి ఆ ఇంట్లో పని నిలుపుకోగలరా? ఈ ప్రశ్నకు వచ్చే జవాబు ప్రార్థనలో మనం కార్చే కన్నీళ్లకంటే నమ్మదగినది.

కులం మాట ఎత్తకుండా ఈ జవాబు ముగిస్తే నేను మర్యాదకోసం అబద్ధమాడినట్టే. ఆదివారం ఒకే బల్ల దగ్గర మోకరించి, సోమవారం పెళ్లి సంబంధానికి ‘మనవాళ్లేనా’ అని ఆరా తీసే క్రైస్తవ కుటుంబాలు మన మధ్య ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు. దేవుని దగ్గర అంతా కృప అంటాం, పుట్టుక దగ్గరికి వచ్చేసరికి హక్కు అంటాం. అజరయ్య గారిని గుర్తు చేసుకోండి. తమిళనాడు తిరునెల్వేలి ప్రాంతం నుంచి డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, ఎక్కువగా మాల మాదిగ పల్లెల్లో పనిచేసి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో పాశ్చాత్య మిషనరీల ముఖం మీదే ఆయన ఒక మాట అన్నారు. మీరు బీదలకు ఆస్తులు పంచారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అని దాని సారాంశం. ఇవ్వడంలో ఉండే గర్వాన్ని అంత సూటిగా పట్టుకున్నవారు తక్కువ. పై నుంచి కిందికి చెయ్యి చాపి ఇవ్వడం మనకు వచ్చు. పక్కన కూర్చుని ఒకే కంచంలో తినడం, వాళ్ల ఇంట్లో టీ తాగి వాళ్ల సలహా అడగడం రాదు. బస్తీలో దుప్పట్లు పంచి వచ్చిన యూత్ వాళ్లు ఈ మాట మీద ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడుకుంటే మంచిది.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక తప్పదు. వినయం పేరుతో నోరు మూయించేవారున్నారు. ‘నా అభిషిక్తులను ముట్టకూడదు’ అనే కీర్తన వాక్యాన్ని కానుకల లెక్క అడిగినవాళ్ల మీదికి విసిరే నాయకులను నేను చూశాను. అది వినయం నేర్పడం కాదు, దాక్కోవడం. అంతియొకయలో పేతురు తప్పు చేస్తే పౌలు ముఖాముఖిగా ఎదిరించాడు (గలతీ 2:11). ప్రధానయాజకుడి ఎదుట బంట్రోతు చెంపదెబ్బ కొడితే, నేను అన్నదాంట్లో తప్పేమిటో చూపించు, తప్పు లేకపోతే ఎందుకు కొట్టావు అని యేసే అడిగాడు (యోహాను 18:23). భర్త చేతిలో దెబ్బలు తింటున్న స్త్రీకి ‘తగ్గించుకో అమ్మా’ అని చెప్పి ఇంటికి పంపే పెద్దలు దేవునికి లెక్క చెప్పుకోవలసి ఉంటుంది. ఆవిడను ముందు భద్రమైన చోటికి చేర్చాలి.

దొంగ వినయం ఇంకొకటి, మీ వయసువాళ్లలో ఎక్కువ. ‘నాకు పాడటం రాదండీ, ఏదో’ అనడం. వచ్చు కదా! నాకు మాట నేర్పు లేదని మోషే పదే పదే తప్పించుకుంటే చివరికి దేవునికి కోపం వచ్చిందని నిర్గమకాండం 4వ అధ్యాయంలో ఉంది. ఎవరైనా బాగుందంటే ‘సంతోషమండీ, వందనాలు’ అనండి, తర్వాత వాళ్ల ఇంట్లో అందరూ ఎలా ఉన్నారో అడగండి. ‘మహిమ దేవునికే’ అనే మాట మీ మనసులో నిండుగా ఉన్న రోజు అనండి. అలవాటుగా అనవద్దు.

పేతురు తన మొదటి పత్రికలో (5:6, 7) దేవుని బలిష్ఠమైన చేతికింద దీనమనస్కులై ఉండండి అని చెప్పి, ఆ వాక్యం ముగియకముందే ‘మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి’ అంటాడు. అంటే, చింత అంతా నా నెత్తిన నేనే మోస్తాననడం కూడా అహమే. ఈమధ్య మీ కంపెనీల్లో ఉద్యోగాలు పోతున్న తీరు చూస్తే ఈ మాట మీకు రాత్రి పూట పనికి వస్తుంది. పాదాలు కడిగించుకోనన్న పేతురే ఇది రాశాడు.

ఇక వీడియో. ఆదివారం రాత్రి వరకు ఆ కామెంట్లు తెరవకండి, సోమవారం తెరిస్తే ఆకాశం కూలదు. సంఘంలో అప్పుడే పాడటం నేర్చుకుంటున్నవారు ఎవరున్నారో చూసి, నెలకు ఒక ఆదివారం వారిని నిలబెట్టండి. మీరు వెనక కోరస్‌లో పాడండి, వారి పేరు పెట్టి శనివారం ప్రార్థన చేయండి. మీకు కడుపు మండిందని పైన రాశానే, ఆ మంటకు నాకు తెలిసిన మందు ఇదొక్కటే. ఎవరి కోసం మనస్ఫూర్తిగా అడుగుతామో వారి మీద అసూయ ఎక్కువ కాలం నిలవదు. ఆరాధన అయ్యాక మైకు వైర్లు చుట్టి, కుర్చీలు సర్దే పిల్లలతో కలిసి ఆ పని చేయండి. వీలైతే ఫొటో తీయనివ్వకండి.

‘పాటలు నడిపించడం మానేయనా?’ అని చివర్లో అడిగారు. నన్నడిగితే మానవద్దు. కానీ ఈ నిర్ణయం మీరొక్కరే తీసుకోవలసింది కాదు, నేను దూరం నుంచి చెప్పవలసింది అంతకన్నా కాదు. మీ పాస్టరు అయ్యగారి దగ్గర కూర్చుని, ఇక్కడ రాసినదంతా ఆయనకు చెప్పండి. ఆయన ‘కొన్నాళ్లు ఆగు బాబూ’ అంటే ఆగండి, అదే సంఘంలో, అదే బెంచీ మీద కూర్చుని, మీ బదులు పాడేవారితో కలిసి పాడండి. ఆ ఆదివారాలు ఎలా గడిచాయో వీలుంటే మళ్లీ రాయండి.